అరువు బాబాయ్ దగ్గర, నగదు పెద్ద స్టోర్లో

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది విజయవాడ. మావారిది ప్రైవేటు ఉద్యోగం, జీతం 34 వేలు. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. పదిహేనేళ్లుగా మా వీధి చివరి కిరాణా కొట్లోనే సరుకులు తెచ్చుకునేవాళ్లం. కొట్టాయన్ని బాబాయ్ గారూ అని పిలుస్తాం. 2020 లాక్‌డౌన్‌లో మావారికి సగం జీతమే వచ్చినప్పుడు ఆయన ఒక్క మాట అనకుండా నెలనెలా సరుకులు ఇచ్చారు. బాకీ 21 వేలకు చేరింది. మరుసటి సంక్రాంతికి గానీ పూర్తిగా తీర్చలేకపోయాం.

ఇప్పుడు మాకు మూడు కిలోమీటర్ల దూరంలో పెద్ద డిస్కౌంట్ స్టోర్ వచ్చింది. ఎనిమిది నెలలుగా నెల సరుకులన్నీ అక్కడే. అవే సరుకుల మీద 900 దాకా తేడా వస్తోంది (పిల్లల్ని తీసుకెళ్తే మాత్రం బిల్లు పెరిగిపోతోంది). మధ్యలో పెరుగు, గుడ్లు, బ్రెడ్డు లాంటివి బాబాయ్ గారి దగ్గరే తెచ్చుకుని ఖాతాలో రాయిస్తాం, ఐదో తారీఖున కట్టేస్తాం. ఆయనకి కనబడకూడదని సరుకుల సంచులతో వెనక సందులోంచి స్కూటర్ మీద వస్తున్నాను. పోయిన నెల ఎదురుపడ్డారు. సంచుల వైపు చూసి, "బాగున్నావామ్మా? పిల్లలు బాగున్నారా?" అని అడిగి వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మావారేమో "మన డబ్బు, మనిష్టం. ఆయనకేమైనా దానం చేయాలా?" అంటారు. నేను చేస్తున్నది తప్పా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పెరుగు, గుడ్లు బాబాయ్ గారి దగ్గర ఖాతాలో రాయిస్తామని మధ్యలో మామూలుగా రాసేశారు. వెనక సందు గురించి బాధపడ్డారు, సంచుల గురించి బాధపడ్డారు. ఆ ఖాతా గురించి మాత్రం మీకేమీ అనిపించలేదు. మీరు అడిగినదానికి జవాబు నాకు అక్కడే కనబడింది. ఎందుకో చెబుతాను, ముందు మీవారి మాట చూద్దాం.

ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. 34 వేలతో ఐదుగురు బతికే ఇంట్లో నెలకి 900 అంటే అత్తగారి మందులకో, పిల్లల ట్యూషన్‌కో పనికొచ్చే డబ్బు. చౌకగా దొరికిన చోట కొనుక్కున్నావని మీలాంటి ఇల్లాలిని ఎవరూ వేలెత్తి చూపకూడదు. నేనూ చూపను.

ఆ తక్కువ ధర ఎలా వస్తోందో కూడా తెలుసుకోవాలి. అందులో కొంత నిజంగానే మంచి వ్యాపారం. డీమార్ట్‌నే తీసుకోండి. 2002లో ముంబైలోని పవైలో ఒక్క స్టోర్‌తో మొదలై ఇవాళ 400 దాటింది. చాలావరకు సొంత భవనాల్లో నడుపుతుంది కాబట్టి అద్దె భారం తక్కువ. బాగా అమ్ముడుపోయే రకాలే పెడుతుంది, సరుకు అరల్లో ఎక్కువ రోజులు కూర్చోదు. సరుకు ఇచ్చిన కంపెనీకి త్వరగా డబ్బు కట్టేసి, అందుకు బదులుగా ధర తగ్గించుకుంటుంది. హంగులు పెద్దగా ఉండవు. ఇందులో ఎవరి కడుపూ కొట్టింది లేదు.

ఇంకో భాగం మాత్రం టోకున కొని ధర తగ్గించమని అడగగలిగే బలం వల్ల వచ్చేది. మీ బాబాయ్ గారి దగ్గర 40 రూపాయల ఎమ్మార్పీ సబ్బు ఉందనుకోండి. అది ఆయనకి డిస్ట్రిబ్యూటర్ దగ్గర 36 చిల్లరకి పడుతుంది. సబ్బులు, పేస్టుల మీద చిన్న కొట్టుకి మిగిలేది సుమారుగా పదో వంతే. అందులోనే కరెంటు, అద్దె, ఎలుకలు కొట్టేసినవి, డేటు దాటినవి, వసూలు కాని బాకీలు. పెద్ద స్టోర్ అదే సబ్బుని 36కి అమ్ముతోందంటే, మీ బాబాయ్ గారు కొన్న ధరకే మీకు దొరుకుతోందన్నమాట. "ఇన్నేళ్లూ మన దగ్గర ఎక్కువ గుంజాడు" అని కొందరు అంటుంటారు, అది అన్యాయం. ఆయన కూడా ఎమ్మార్పీ లోపలే అమ్మాడు, ఆయనకి పడిన ధరే అంత. ఈ తేడా మీదే 2021 చివర్లో దేశవ్యాప్తంగా డిస్ట్రిబ్యూటర్ల సమాఖ్య పెద్ద కంపెనీలకు ఎదురు తిరిగింది. పెద్ద ఆన్‌లైన్, హోల్‌సేల్ సంస్థలకు ఒక ధర, మాకూ మా కిరాణా కొట్లకూ ఇంకో ధర ఏమిటని అడిగి, 2022 జనవరి 1 నుంచి సహాయ నిరాకరణ అని ప్రకటించింది. కంపెనీలకూ వ్యాపారులకూ మధ్య తేలాల్సిన గొడవ అది. మీ స్కూటర్ ఏ సందులోంచి వెళ్లినా అది తేలదు.

ఈ మాట గట్టిగా ఎందుకంటున్నానంటే, పెద్ద పెద్ద నిర్ణయాల బరువంతా తీసుకొచ్చి ఇంటి ఖర్చు చూసుకునే ఆడవాళ్ల నెత్తిన పెట్టడం నేను చాలాసార్లు చూశాను. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలు హైదరాబాద్‌లో తెరిచినప్పుడు చిన్న కొట్ల పని అయిపోయిందన్నారు. 2012లో ఇలా రకరకాల బ్రాండ్లు అమ్మే చిల్లర దుకాణాల్లో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడికి కేంద్రం తలుపు తెరిస్తే, ఒప్పుకున్న రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ సంతకాలు పెట్టేటప్పుడు మిమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ లెక్క ఇప్పుడు మీరు తీర్చక్కర్లేదు.

చిన్న కొట్టంతా ధర్మం, పెద్ద స్టోరంతా అధర్మం అని కూడా నేను అనను. అనలేను, ఎందుకంటే నేను కొట్లో పెరిగిన మనిషిని. తెనాలి దగ్గర పల్లెలో మా నాన్న 1989 నుంచి 2011 దాకా, ఇరవై రెండేళ్లు పచారీ కొట్టు నడిపారు. ఆయన మంచివాడు. కానీ ఒకసారి కూలికి వెళ్లి వస్తూ పావు కిలో పంచదార అడిగిన ఆవిడని, పదిమంది ముందు "ముందు పాత బాకీ సంగతి చెప్పు" అన్నారు. ఆవిడ ఏమీ అనకుండా చీర చెంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. నాకు అప్పుడు పన్నెండేళ్లు. ఆ మొహం ఇప్పటికీ గుర్తుంది. పెద్ద స్టోర్లో ఆవిడని ఎవరూ ఆ మాట అడగరు. బండి తోసుకుంటూ తనకి కావాల్సింది తానే చేత్తో తీసి చూసుకుంటుంది, కులం అడిగేవాళ్లు లేరు, బాకీ అడిగేవాళ్లు లేరు. చాలామంది పేదవాళ్లకి ఆ స్టోర్ అంటే ఇష్టం ఉండటానికి ధర ఒక్కటే కారణం కాదు.

పనివాళ్ల సంగతీ అంతే. ఇరవై మంది పైన పనిచేసే సంస్థ కాబట్టి పెద్ద స్టోర్ పీఎఫ్ కట్టాలి, జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకి ఈఎస్‌ఐ కట్టాలి. మన వీధి కొట్లో పొట్లాలు కట్టే కుర్రాడికి ఆ రెండూ ఉండవు, చాలాచోట్ల ఆదివారం సెలవు కూడా ఉండదు. అటువైపు, పెద్ద దుకాణాల్లో అమ్మాయిలు పొద్దుటినుంచి రాత్రిదాకా నిలబడే ఉంటారు. వాళ్లకి కూర్చునే హక్కు ఉందని చెప్పడానికి కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో ఏకంగా చట్టాన్నే మార్చాల్సి వచ్చింది. కూర్చోవడానికి చట్టం! ఈసారి మీరు వెళ్లినప్పుడు బిల్లు వేసే అమ్మాయికి వెనకాల కుర్చీ ఉందో లేదో చూడండి. లేకపోతే మేనేజర్‌ని అడగండి. కొనేవాళ్లు అడిగితే వాళ్లు వింటారు, ఆ అమ్మాయి తానుగా అడగలేదు.

ఇక ఆ ఖాతా దగ్గరికి వస్తాను.

మా నాన్న కొట్టు ఎలా మూతపడిందో చెబితే మీకు అర్థమవుతుంది. 2005 ప్రాంతంలో టౌన్లో ఒక సూపర్‌మార్కెట్ వచ్చింది. బండ్లున్న ఇళ్లవాళ్లు నెల మొదట్లో జీతం చేతిలో పడగానే అక్కడికి వెళ్లడం మొదలుపెట్టారు. నాన్న పెద్దగా బాధపడలేదు. "వాళ్లు వెళ్లినా మిగతావాళ్లు ఉన్నారుగా" అనేవారు. నిజమే, ఉన్నారు. కానీ వెళ్లినవాళ్లు నగదు ఇచ్చేవాళ్లు, మిగిలినవాళ్లు అరువు పెట్టేవాళ్లు. వెళ్లినవాళ్లు కూడా పూర్తిగా వెళ్లలేదు. ఇరవయ్యో తారీఖు దాటాక, చేతిలో డబ్బు అయిపోయాక తిరిగి వచ్చి "రాసుకో అన్నయ్యా" అనేవాళ్లు. పాపం, ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఒక్కొక్కరిదీ రెండొందలు, మూడొందలు.

డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మన్ మాత్రం వారం వారం వచ్చి పాత బిల్లు కడితేనే కొత్త ఆర్డర్ రాసుకునేవాడు. నాన్న డబ్బంతా పద్దు పుస్తకంలో ఉండేది, గల్లాపెట్టెలో ఉండేది కాదు. అందుకని పన్నెండు సబ్బులు తెచ్చే చోట ఆరు తెచ్చేవారు. పన్నెండు కొంటే ఒకటి ఉచితమనే స్కీము పోయింది. పసుపు ఉంటే కారం ఉండదు, కారం ఉంటే నూనె ఉండదు. "మీ కొట్లో ఏదీ దొరకదు" అని ఇంకో నలుగురు టౌన్‌కి వెళ్లడం మొదలుపెట్టారు. కొట్టు మూసిన రోజు ఆ పుస్తకంలో రావాల్సిన బాకీలు లక్షా నలభై వేలు. అందులో పదిహేను వేలు కూడా వసూలు కాలేదు. నాన్న ఆ పుస్తకాన్ని పాత ట్రంకు పెట్టెలో దాచారు, ఎవర్నీ అడగలేదు.

ఇదంతా చూశాను కాబట్టి నాకు ఒక విషయం గట్టిగా తెలుసు. చిన్న కొట్టుని తినేసేది, నగదు ఒకచోట ఖర్చుపెట్టి అరువు ఇంకోచోట పెట్టే అలవాటు. పోటీని ఆయన తట్టుకోగలడు. లాభం వచ్చే అమ్మకమంతా పోయి భారం మోసే అమ్మకం మాత్రం మిగిలితే ఏ కొట్టూ తట్టుకోలేదు.

కాబట్టి మీ ప్రశ్నకు సూటిగా చెబుతాను. నెల సరుకులు పెద్ద స్టోర్లో కొనడం తప్పు కాదు. ఒకటో తారీఖు నగదు అక్కడ ఖర్చుపెట్టి, పదిహేనో తారీఖు అరువు బాబాయ్ గారి దగ్గర పెట్టడం తప్పు. మీరు ఐదో తారీఖున తప్పకుండా కడుతున్నారు, నిజాయితీగా ఉన్నారు, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ పెరుగు ప్యాకెట్ మీద ఆయనకి మిగిలేది రూపాయో, అర్ధరూపాయో. ఆ అర్ధరూపాయి కోసం మూడు వారాలు తన డబ్బు మీ దగ్గర ఉంచుతున్నారు.

దానం మాట కూడా తీసుకుందాం. మీవారితో కూర్చుని ఒక చిన్న లెక్క వేయండి. లాక్‌డౌన్‌లో ఆ 21 వేలు మీరు వీధిలో వడ్డీకి తెచ్చుకుని ఉంటే నూటికి రెండు రూపాయల చొప్పున నెలకి 420. ఆరు నెలలకి 2,520. ఇంత అని ఆయన ఎప్పుడైనా అడిగారా? ఆ నెలల్లో ఏ పెద్ద స్టోర్ అయినా డబ్బు లేకుండా మీకు బియ్యం బస్తా ఇచ్చేదా? ఈ లెక్క చూశాక ఎవరు ఎవరికి దానం చేశారో మీవారే చెబుతారు. ఆయన చెడ్డ మనిషని నేను అనుకోవడం లేదు. ఆ రోజుల్లో సగం జీతంతో ఇల్లు నడపలేకపోయిన బాధ ఆయనకి ఇంకా ఉండి ఉంటుంది. కొంతమంది మగవాళ్లకి అప్పు ఇచ్చి ఆదుకున్న మనిషి ఎదురుపడితే ఆ బాధే గుర్తొస్తుంది, అందుకే మాట కటువుగా వస్తుంది.

ఇప్పుడు ఏం చేయాలి? ముందు ఆ 900 నిజంగా 900 అవునో కాదో చూడండి. మీరే రాశారు, పిల్లలతో వెళ్తే బిల్లు పెరుగుతోందని. రెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని, ఇంటి నుంచి రాసుకుని వెళ్లిన చీటీలో లేని వస్తువులకు పెన్సిల్‌తో గీత పెట్టండి. ప్లాస్టిక్ డబ్బాలు, బిస్కెట్లు, ఒకటి కొంటే ఒకటి అని తెచ్చిన షాంపూలు. నేను మా ఇంటి బిల్లులు అలా గీసి చూసినప్పుడు మిగిలిందనుకున్న దాంట్లో సగానికి పైగా ఆ గీతల్లోనే పోయింది. స్కూటర్ పెట్రోలు వేరే. మీ ఇంట్లో ఎంతవుతుందో నేను చెప్పలేను, మీరే గీసి చూడాలి.

తర్వాత వస్తువు వస్తువుకీ ధర చూడండి. బట్టల సబ్బులు, పౌడర్లు, టీ పొడి, నూనె ప్యాకెట్లు లాంటి బ్రాండ్ సరుకుల్లో తేడా ఎక్కువ కనబడుతుంది. కందిపప్పు, మినప్పప్పు, బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయల్లో రకానికి రకానికి మధ్య తేడానే ఎక్కువ, అక్కడ బాబాయ్ గారి సరుకు మీకు పదిహేనేళ్లుగా తెలిసిన సరుకు. పప్పు ఉడక్కపోతే మర్నాడు వెనక్కి తీసుకెళ్లి ఇవ్వగలరు. కూరగాయలకి ఈ రెండూ వద్దు. 1999లో మొదలైనప్పటి నుంచి రైతు బజార్లు ఉన్నాయి, మీ ఊళ్లో చాలా ఉన్నాయి, అక్కడ మీ డబ్బు పండించినవాళ్ల చేతికే వెళ్తుంది.

ఇలా చూశాక చీటీని రెండుగా రాయండి. తేడా బాగా ఉన్నవి పెద్ద స్టోర్‌కి, మిగతావన్నీ బాబాయ్ గారికి. నా అంచనా ప్రకారం మీ 900లో ఐదారు వందలు మీకే ఉంటాయి. ఆయన చీటీ డబ్బు మాత్రం ఒకటో తారీఖునే, నగదుగా ఇవ్వండి. పెరుగుకీ గుడ్లకీ ఫోన్‌లో అప్పటికప్పుడే కొట్టేయండి. ఎప్పుడైనా మళ్లీ కష్టం వచ్చి అరువు అడగాల్సి వస్తే మొహమాటం లేకుండా అడగండి. ఏడాది పొడుగునా నగదు ఇచ్చిన ఇంటికి రెండు నెలలు అరువు ఇవ్వడం ఏ కొట్టాయనకీ భారం కాదు, దానికోసమే ఆ కొట్టు అక్కడ ఉంది.

ఆయనతో మాట్లాడమని కూడా చెబుతున్నాను. భయపడకండి. కొట్లో జనం లేని మధ్యాహ్నం వేళ వెళ్లి, "బాబాయ్ గారూ, సబ్బులూ నూనే అక్కడ తెచ్చుకుంటున్నాం, తేడా ఎక్కువగా ఉంది. పప్పులు, బియ్యం, మిగతావన్నీ మీ దగ్గరే, ఇదిగో చీటీ" అనండి. అంతే చాలు. క్షమాపణలు వద్దు, అబద్ధం అసలే వద్దు. చీటీ మొత్తం ఒకేసారి ఇస్తే ఆయన కూడా కొన్నింటి మీద ఎమ్మార్పీలో రెండు మూడు రూపాయలు తగ్గించగలరు. మా నాన్న నెల చీటీలకి అలాగే తగ్గించేవారు. విడివిడిగా వచ్చేవాళ్లకి తగ్గించలేకపోయేవారు.

ఇంకో మాట. పెద్ద స్టోర్ ఎప్పటికీ అక్కడే ఉంటుందన్న ధీమా కూడా పెట్టుకోకండి. సుభిక్ష గుర్తుందా? చెన్నైలో మొదలై దేశమంతటా 1,600 దుకాణాల దాకా పెరిగింది, మన ఊళ్లలోనూ ఉండేది. 2009లో కొన్ని నెలల్లోనే అన్నీ మూతపడ్డాయి, పనిచేసినవాళ్లకి జీతాలు కూడా అందలేదు. 2022లో బిగ్ బజార్ బోర్డులు దిగిపోయాయి.

చివరగా ఆ వెనక సందు. ఆయన మిమ్మల్ని సంచులతో చూసిన రోజే తెలుసుకున్నారని మీరు అనుకుంటున్నారు. కొట్టాయన కూతురిగా చెబుతున్నాను, ఆయనకి ఎనిమిది నెలల కిందటే తెలుసు. నెలకి ఐదు ప్యాకెట్ల నూనె తీసుకునే ఇల్లు ఒక్కసారిగా మానేస్తే, వాళ్లు పోపు వేసుకోవడం మానేశారని ఏ కొట్టాయనా అనుకోడు. మా నాన్నకి ఊళ్లో ఎవరింట్లో ఏ సరుకు ఎన్నాళ్లకి అయిపోతుందో తెలిసేది. తెలిసీ ఆయన పిల్లలు బాగున్నారా అని అడిగారు, కాబట్టి ఆయన మనసులో కోపం ఉందని నేను అనుకోను. ఇప్పుడు మీరు వెనక సందులోంచి వెళ్తుంటే మాత్రం ఆయనకి ఒకటే అర్థమవుతుంది, మీరు ఆయన్ని తప్పించుకు తిరుగుతున్నారని. అది మీరు కొనని సరుకు కంటే ఎక్కువ బాధ పెడుతుంది.

వచ్చే నెల పెద్ద స్టోర్ నుంచి వచ్చేటప్పుడు ముందు రోడ్డు మీదే రండి. ఆయన కొట్టు దగ్గర స్కూటర్ ఆపి, రెండో చీటీ ఇచ్చి, డబ్బు లెక్కపెట్టి ఇవ్వండి. మీవారిని కూడా ఒకసారి తీసుకెళ్లండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి.